ఫోన్ కాంట్రాక్టు గడువు తీరుతోందా? బేరానికి ముందు ఈ ఉత్తరం చదవండి

పిల్లలూ,

ఉద్యోగంలో చేరగానే, లేదా చదువుకని పరాయి దేశంలో అడుగుపెట్టగానే, కొత్త ఫోన్ మోజులో రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టేసినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆ రెండేళ్లు ఎప్పటికి పూర్తవుతాయని అడిగితే మాత్రం దిక్కులు చూస్తారు. మీకు ఆ తేదీ గుర్తులేకపోతే లాభం కంపెనీకే. అందుకే ఈ ఉత్తరం.

ముందు బిల్లు సంగతి చూద్దాం. ఫోన్‌తో కలిపి తీసుకున్న కాంట్రాక్టులో మీరు నెలనెలా కట్టేది రెండింటికి. ఒకటి ఫోన్ ఖరీదులో వాయిదా, రెండోది కాల్స్‌కీ డేటాకీ అయ్యే చార్జీ. కొన్ని కంపెనీలు ఈ రెండూ విడివిడిగా వేస్తాయి. వాయిదాలు అయిపోగానే ఆ పద్దు బిల్లులోంచి పోతుంది, పేచీ లేదు. ఇంకొన్ని రెండూ కలిపేసి ఒకే అంకె వేస్తాయి. చిక్కంతా ఇక్కడే. 24 నెలలు నిండాయి, ఫోన్ ఖరీదు మొత్తం తీరిపోయింది, అయినా 25వ నెల బిల్లు అదే అంకెతో వస్తుంది. ఫోన్ మామూలుగానే మోగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బ్రిటన్‌లో ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ 2020 ఫిబ్రవరి నుంచి ఒక నిబంధన తెచ్చింది. గడువు తీరడానికి 10 నుంచి 40 రోజుల ముందే కస్టమర్‌కి ఆ సంగతి చెప్పాలి, ఆ తర్వాత ఎంత కట్టాల్సి వస్తుందో, తమ దగ్గరున్న మంచి ప్లాన్లేమిటో కూడా తెలపాలి. నిబంధన పెట్టి మరీ చెప్పించాల్సి వచ్చిందంటే, వాళ్లంతట వాళ్లు ఏమాత్రం చెప్పేవాళ్లో మీరే ఊహించుకోండి.

కాబట్టి మొదటి పని, కంపెనీ యాప్‌లోకి వెళ్లి గడువు తేదీ చూడటం. కనబడకపోతే కస్టమర్ కేర్‌ని అడగండి, చెప్తారు. గడువుకి ముందే మానేస్తే మిగిలిన నెలల డబ్బు కట్టమంటారు, చాలాచోట్ల నెల రోజుల ముందస్తు నోటీసు కూడా అడుగుతారు. ఈ రెండూ చూసుకుని, గడువుకి నెలా నెలన్నర ముందు కదిలితే సరిగ్గా ఉంటుంది.

రెండో పని ఎవరూ చెయ్యరు, అసలు లాభమంతా దాంట్లోనే ఉంది. మీరు నిజంగా ఎంత వాడుతున్నారు? గత మూడు నెలల బిల్లులు తీసి డేటా ఎంత అయ్యిందో చూడండి. ఇంట్లోనూ ఆఫీసులోనూ వైఫై మీదే ఉండేవాళ్లకి సిమ్ డేటా ఖర్చయ్యేది తక్కువే. అపరిమిత ప్లాన్‌కి డబ్బు కడుతూ ఐదారు జీబీలు కూడా దాటనివాళ్లు ఉంటారు. ఫోన్ సెట్టింగ్స్‌లోనూ డేటా లెక్క కనిపిస్తుంది, కానీ ఐఫోన్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. దాంట్లో ‘ప్రస్తుత వ్యవధి’ అని చూపించే అంకె నెల మారగానే సున్నాకి రాదు. మీరు రీసెట్ చేసేదాకా అలా పెరుగుతూనే పోతుంది. రెండేళ్ల మొత్తం చూసి ఒక నెలదనుకుని గుండెలు బాదుకోకండి. బిల్లులో ఉన్నదే లెక్క.

ఇప్పుడు బయటి ధరలు చూడండి. ఫోన్ లేకుండా ఉత్త సిమ్ ప్లాన్లు ఏ కంపెనీ ఎంతకిస్తోందో రాసుకోండి. సొంత టవర్లు లేకుండా పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌నే అద్దెకు తీసుకుని నడిపే చిన్న కంపెనీలుంటాయి, వాటి ధరలు తరచు తక్కువగా ఉంటాయి. అయితే రద్దీ వేళల్లో కొన్నిచోట్ల వాటి వేగం తగ్గించొచ్చు, విదేశాల్లో వాడుకునే సదుపాయం ఉండకపోవచ్చు. అవి కూడా కనుక్కోండి. సిగ్నల్ విషయంలో మ్యాపు చూసి నమ్మేయకండి. మీరుండే గదిలో, మీరు కూర్చునే మూలలో సిగ్నల్ వస్తుందో లేదో ఆ నెట్‌వర్క్ వాడే స్నేహితుణ్ణి పిలిచి చూస్తే తేలిపోతుంది.

ఇక బేరం. మాటకారితనం లేదని బెంగపడేవాళ్లకి ముందుగా ఒకటి చెప్తాను. మీ బలం మాటల్లో లేదు, మీ నంబరులో ఉంది. ఒకప్పుడు కంపెనీ మారితే నంబరు పోయేది. బ్యాంకుకీ ఆఫీసుకీ చుట్టాలందరికీ కొత్త నంబరు చెప్పుకోలేక జనం పడి ఉండేవారు. అమెరికాలో 2003 నవంబరులో పెద్ద నగరాలతో మొదలై, భారతదేశంలో 2011 జనవరిలో దేశమంతటికీ వచ్చి, పాత నంబరుతోనే కంపెనీ మారే పోర్టబిలిటీ ఆ కట్టు తెంపేసింది. బ్రిటన్‌లో పీఏసీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు 65075కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, అది 30 రోజులు చెల్లుతుంది. భారత్‌లో అయితే 1900కి మెసేజ్ పెట్టాలి. కోడ్ తెప్పించుకున్నంత మాత్రాన సర్వీసు ఆగదు, కొత్త కంపెనీకి ఇచ్చినప్పుడే మారుతుంది. కొన్నిసార్లు ఆ కోడ్ అడిగారని తెలియగానే పాత కంపెనీయే ఫోన్ చేసి మంచి ధర చెప్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. నంబరు కొత్త కంపెనీకి వెళ్లకముందే కోపంలో పాత సర్వీసు రద్దు చేసుకుంటే ఆ నంబరు చేజారిపోవచ్చు.

ఫోన్ చేసినప్పుడు మెనూలో ‘సర్వీసు మానుకోవాలనుకుంటున్నాను’ అనే దారి పట్టండి. వెళ్లిపోయేవాళ్లని ఆపే విభాగం వేరే ఉంటుంది, రిటెన్షన్ అంటారు. మామూలు కస్టమర్ కేర్‌కి లేని తగ్గింపులు ఇచ్చే అధికారం వాళ్లకి ఉంటుంది. మాట ఇలా నడుస్తుందనుకోండి.

“నా కాంట్రాక్టు వచ్చే నెల 12తో అయిపోతోందండీ. నెలకి 6 జీబీ మించి వాడటం లేదు. ఇదే నెట్‌వర్క్ మీద ఇంకో కంపెనీ 20 జీబీ ప్లాన్ ఇప్పుడు నేను కడుతున్నదాంట్లో సగానికి ఇస్తోంది. అటు మారేముందు మీరెంతకి ఇవ్వగలరో కనుక్కుందామని చేశాను.”

“మీకోసం ప్రత్యేకంగా అదే ధరకి 50 జీబీ ఇస్తామండీ.”

“డేటా వద్దండీ, బిల్లు తగ్గాలి.”

అంతే. ఇంకేం మాట్లాడకండి. అవతల కీబోర్డు టకటకలు వినిపిస్తాయి, ‘ఒక్క నిమిషం లైన్లో ఉండండి’ అంటారు. ఆ ఖాళీ భరించలేక మీరే ‘పోనీ కొంచెం తగ్గించినా చాలు’ అన్నారో, ఆ కొంచెంతోనే సరిపెడతారు. అలాగని గొంతు పెంచక్కర్లేదు. అవతల ఉన్నది జీతానికి పనిచేసే మీ ఈడు పిల్లో పిల్లాడో, ఆ ధరలు వాళ్లు పెట్టినవి కావు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు. ధర నచ్చకపోతే ‘ఆలోచించుకుని చెప్తానండీ’ అని పెట్టేయండి. ‘ఈ ఆఫర్ ఇవాళ ఒక్కరోజే’ అంటే, ఏ ఒక్కరోజు ఆఫరూ మీ లెక్కల కంటే ముఖ్యం కాదు. అన్నిటికీ మించి, లేని ఆఫర్ ఉందని బొంకకండి. ‘అయితే అక్కడికే వెళ్లండి’ అంటే మీ దగ్గర మాట ఉండదు. నిజంగా వెళ్లడానికి సిద్ధపడ్డవాళ్ల గొంతులో ఉండే నిబ్బరం నటిస్తే రాదు.

చాలామంది బోల్తా పడేది కొత్త ఫోన్ దగ్గర. ‘మీరు పాత కస్టమర్, కొత్త మోడల్ ఉచితంగా ఇస్తాం’ అంటారు. ఉచితం అన్నచోటే లెక్క వెయ్యాలి. నెలకి 40 చొప్పున 24 నెలలు అంటే 960. అదే ఫోన్ బయట 480కి వస్తుందనుకోండి, ఉత్త సిమ్‌కి నెలకి 12 చొప్పున 24 నెలలకి 288. రెండూ కలిపితే 768. మిగతా 192 ఎక్కడికి పోయింది? ఒక్కోసారి లెక్క తిరగబడుతుంది, కలిపి తీసుకున్నదే చౌక అవుతుంది. అప్పుడు నిక్షేపంగా తీసుకోండి. మీ చేతిలో ఉన్న ఫోన్ ఇంకో రెండేళ్లు పనిచేసేలా ఉంటే మాత్రం, దాని బ్యాటరీ మార్పించుకుని సిమ్ ప్లాన్‌కి మారడమే నా ఓటు. మారేముందు ఆ ఫోన్ పాత కంపెనీకి లాక్ అయి ఉందేమో, అంటే వేరే కంపెనీ సిమ్ పనిచెయ్యకుండా ఉందేమో చూసుకోండి, ఉంటే ఆ లాక్ తీయించుకోండి.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. గడువు ఎన్ని నెలలు, మధ్యలో ధర పెరుగుతుందా, తగ్గింపు మొత్తం గడువుకా లేక మొదటి ఆరు నెలలకేనా. జవాబులన్నీ మెయిల్లో పంపమనండి, చదివాకే సరే అనండి. యూరప్ దేశాల్లో, బ్రిటన్‌లో ఫోన్ మీదో ఆన్‌లైన్‌లోనో కుదిరిన కొత్త ఒప్పందాన్ని సాధారణంగా 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కుంది.

మరొకటి. మీరు చెయ్యకుండా వాళ్లే ఫోన్ చేసి ‘మీ కాంట్రాక్టు అయిపోతోంది, సగం ధరకి ఇస్తాం, ఇప్పుడొచ్చే ఓటీపీ చెప్పండి’ అంటే చటుక్కున పెట్టేయండి. మీ ఖాతా మీద కొత్త ఫోన్ తెప్పించి, ‘పొరపాటున వచ్చింది, ఈ అడ్రసుకి తిరిగి పంపండి’ అని కాజేసే దొంగలున్నారు. నిజంగా కంపెనీయేనని అనిపించినా సరే, బిల్లు మీద ఉన్న నంబరుకి మీరే చేసి కనుక్కోండి.

బేరం కుదిరాక మొదటి బిల్లు వస్తుంది. పాత ప్లాన్ కొన్ని రోజులు, కొత్తది కొన్ని రోజులు కలిసి రావడంతో అంకె కాస్త వింతగా ఉంటుంది, కంగారు పడకండి. రెండో బిల్లు చూడండి. చెప్పిన తగ్గింపు అందులో లేకపోతే, ఆ మెయిల్ దగ్గర పెట్టుకుని ఆ రోజే మళ్లీ ఫోన్ చెయ్యండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ