పిల్లల గేమింగ్ వ్యసనం: కంపెనీలు బోనెక్కడానికి 40 ఏళ్లు

పిల్లలు వీడియో గేములకు బానిసలవుతున్నారన్న గోడు ఈనాటిది కాదు. 1981లోనే బ్రిటన్‌లో లేబర్ ఎంపీ జార్జ్ ఫోక్స్, నాణెం వేసి ఆడే స్పేస్ ఇన్వేడర్స్ లాంటి గేములకు కళ్లెం వేసే బిల్లు తెస్తానని పార్లమెంటు అనుమతి కోరారు. పిల్లలు బడి ఎగ్గొడుతున్నారని, ఆట డబ్బుల కోసం దొంగతనాలకూ దిగుతున్నారని వాదించారు. 94 మంది సరేనన్నారు, 114 మంది కాదన్నారు. కథ అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు చర్చంతా గేములో ఏం చూపిస్తున్నారన్న దాని చుట్టూనే తిరిగింది. రక్తపాతం మీద 1993లో అమెరికా సెనెట్ విచారణ జరిపింది. మరుసటి ఏడాదికల్లా పరిశ్రమ తనంతట తానే వయసు రేటింగులు పెట్టుకుంది. హింసాత్మక గేములను మైనర్లకు అమ్మకూడదంటూ కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో కొట్టేసింది. పుస్తకాలకూ సినిమాలకూ ఉన్న భావప్రకటన స్వేచ్ఛ గేములకూ ఉంటుందని చెప్పింది. ఆ తీర్పులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అసలు చిక్కు గేము చూపించే బొమ్మలో కాదు, దాన్ని కట్టిన తీరులో ఉంది.

ఎందుకంటే ఈలోగా గేములే మారిపోయాయి. ఒకసారి కొని ఆడి పక్కన పెట్టేసే సరుకు పోయి, ఉచితంగా చేతికొచ్చి ఆపై రోజూ డబ్బు రాబట్టే సర్వీసు వచ్చింది. దానికి ముగింపు ఉండదు, ఉంటే గిట్టుబాటు కాదు. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక్కరోజు మానేస్తే వరుస తెగుతుంది. లోపల ఏముందో తెలియకుండానే డబ్బుపెట్టి కొనే పెట్టె, లూట్ బాక్స్ సంగతే చూడండి. డబ్బు కట్టగానే పెట్టె ఊగుతుంది, వెలుగులు చిమ్ముతుంది, పిల్లాడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. తీరా వచ్చేది చాలాసార్లు వాడి దగ్గర అప్పటికే ఉన్న వస్తువు. ఇంకోసారి నొక్కుతాడు. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి ఎలా కట్టిపడేస్తుందో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1950లలోనే పావురాలతో చూపించారు. జూదశాలల్లో డబ్బు వేసి ఆడే స్లాట్ మెషీన్ నడిచేదీ ఆ సూత్రం మీదే.

ప్రభుత్వాలు తలో దారి పట్టాయి. బెల్జియం 2018లో కొన్ని గేముల్లోని లూట్ బాక్సులు జూదమేనని తేల్చింది. దక్షిణ కొరియా 2011 నుంచి 16 ఏళ్లలోపు వారికి అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు ఆన్‌లైన్ గేములు ఆపేసి, పదేళ్లకు ఆ చట్టాన్ని ఎత్తేసింది. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే అనుమతించింది. ఇలాంటి గంటల లెక్క పిల్లల చేతులు కడుతుందే తప్ప, గేమును అలా తయారుచేసిన వాళ్లను ఎందుకిలా చేశారని అడగదు.

ఆ ప్రశ్నకు బలం ఇచ్చింది వైద్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను 2019లో తన జబ్బుల జాబితాలో ఆమోదించింది, 2022 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడటమే జబ్బు కాదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కిపోవడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం, ఇవి మామూలుగా ఏడాది పాటైనా ఉండాలి.

2022 డిసెంబరులో రెండు మలుపులొచ్చాయి. ఎపిక్ గేమ్స్ కంపెనీ ఆన్‌లైన్ గేము ఫోర్ట్‌నైట్ తమ పిల్లలను బానిసలను చేసిందంటూ తల్లిదండ్రులు వేసిన సామూహిక దావా ముందుకు సాగవచ్చని కెనడాలోని క్యుబెక్ కోర్టు అనుమతించింది. అదే నెలలో అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చిన ఎపిక్ గేమ్స్ 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. గేము లోడ్ అవుతుండగా ఒక్క బటన్ తగిలినా డబ్బు కట్ అయ్యేదని, ఆ చార్జీని బ్యాంకులో సవాలు చేస్తే ఖాతాకు తాళం పడేదని కమిషన్ ఆరోపించింది. అది పిల్లల గోప్యతకు, బిల్లింగుకు సంబంధించిన కేసు, వ్యసనంపై తీర్పు కాదు. అయినా డిజైన్‌ను చట్టం ముందు నిలబెట్టింది.

2023 నుంచి అమెరికాలో వస్తున్న దావాల పట్టు కూడా డిజైన్ మీదే. గేమును లోపమున్న ఉత్పత్తిగా చూడాలని, ప్రమాదం గురించి ముందే హెచ్చరించలేదని తల్లిదండ్రుల వాదన. ఇంట్లో అదుపు లేకపోతే గేము కంపెనీలనంటే ఎలా అన్నది ఆ తల్లులకు తరచూ ఎదురయ్యే మాట. రాత్రి మూడింటికి పిల్లాడి చేతిలోంచి ఫోను లాక్కోబోయి దెబ్బలు తిన్న తల్లికి ఆ మాట చెప్పడం అన్యాయం. కంపెనీలు మాత్రం భావప్రకటన స్వేచ్ఛను అడ్డం పెట్టడంతో పాటు, ఖాతా తెరిచేటప్పుడు నొక్కిన 'అంగీకరిస్తున్నాను' బటన్‌ను చూపి, వివాదాన్ని కోర్టులో కాకుండా ప్రైవేటు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలంటున్నాయి. మైనరు నొక్కిన ఆ బటన్ చెల్లుతుందా లేదా అన్న దగ్గరే చాలా కేసుల్లో మొదటి పోరు నడుస్తోంది.