పాస్టర్ గారి తెల్ల అంగీ: ఇంగ్లండులో తెగని పంచాయితీ

2017 జులైలో ఇంగ్లండు చర్చి నియమాలు చేసే పెద్ద సభ, జనరల్ సినడ్, యార్క్‌లో సమావేశమై ఒక పాత నియమాన్ని సడలించింది. అప్పటిదాకా ప్యారిష్‌లో, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లో, ప్రభు భోజనం ఇచ్చే పాస్టర్, ఆదివారం ప్రార్థనలు నడిపే పాస్టర్ ఆరాధన బట్టలు వేసుకుని తీరాలి. ఇకమీదట ప్యారిష్ కౌన్సిల్‌తో మాట్లాడి, అంగీ లేకపోతేనే ఆ ఊళ్లో సంఘం పనికి మేలు అనుకుంటే మామూలు చొక్కాతో ఆరాధన నడపవచ్చు. పెళ్లి, సమాధి ఆరాధన లాంటి వాటికైతే ఆ కుటుంబాన్ని కూడా అడగాలి. నిజానికి బైబిలు బోధకే పెద్దపీట వేసే ఇవాంజెలికల్ సంఘాల్లో చాలాచోట్ల పాస్టర్లు అప్పటికే చొక్కా ప్యాంటులో ప్రసంగిస్తున్నారు. జనం ముందే నడిచిన దారిలోకి నిబంధన తర్వాత వచ్చింది.

బయటి నుంచి చూస్తే ఇది చిన్న విషయం. దేవుడు మనసు చూస్తాడు, బట్టలు చూస్తాడా అని మన సంఘాల్లో కూడా అంటుంటాం. కానీ ఆ దేశంలో ఈ బట్ట కోసం ఒక బిషప్ జైలుకెళ్లాడు. పాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర పోలీసులు నిలబడాల్సి వచ్చింది. ఒక బట్ట మీద ఇంత గొడవ ఎందుకైందో తెలియాలంటే ముందు ఆ బట్టేమిటో చూడాలి.

దాని పేరు సర్‌ప్లిస్. తెల్లగా, వదులుగా, వెడల్పు చేతులతో ఉంటుంది. లాటిన్‌లో ఆ పేరుకు అర్థం బొచ్చు కోటు మీద వేసుకునేది అని. మధ్య యుగాల్లో ఉత్తర ఐరోపా రాతి చర్చిల్లో చలికాలం ప్రార్థన అంటే ఎముకలు కొరికే చలి. పాస్టర్లు, పాటగాళ్లు లోపల బొచ్చు కోటు వేసుకునేవాళ్లు. దాని మీద పట్టాలి కాబట్టి పై బట్టను అంత వదులుగా కుట్టారు. పవిత్రత, తెలుపు, దేవదూతలు అనే అర్థాలు తర్వాత వచ్చి చేరాయి. పుట్టుక మాత్రం చలి నుంచే.

రాజు ఎనిమిదో హెన్రీ 1534లో రోమ్‌లోని పోపుతో తెగతెంపులు చేసుకున్నాక, పాత ఆరాధనలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ప్రశ్న మొదలైంది. బట్టల విషయంలో మొదట అడ్డం తిరిగిన పెద్ద మనిషి జాన్ హూపర్. జ్యూరిక్‌లో కొన్నేళ్లు ఉండి, అక్కడి సంస్కరణవాదుల నిరాడంబరతను చూసి వచ్చినవాడు. 1550లో ఆయన్ను గ్లోస్టర్ బిషప్‌గా నియమిస్తే, అభిషేకానికి ఆ బట్టలు వేసుకోనన్నాడు. బైబిల్లో లేనిదాన్ని సంఘం మీద రుద్దకూడదన్నది ఆయన వాదం. లండన్ బిషప్ నికోలస్ రిడ్లీ ఒప్పుకోలేదు. రక్షణకు సంబంధం లేని విషయం కాబట్టే రాజ్యం ఒక క్రమం పెట్టవచ్చు, పెట్టాక పాటించాలి అన్నాడు. 1551 జనవరిలో హూపర్‌ను ఫ్లీట్ జైల్లో పెట్టారు. కొన్ని వారాలకు ఆయన తగ్గాడు. మార్చిలో ఆ బట్టల్లోనే అభిషేకం జరిగింది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. కేథలిక్ రాణి మేరీ వచ్చాక ఇద్దరూ ఖైదీలయ్యారు. హూపర్‌కు రిడ్లీ జైలు నుంచి ఉత్తరం రాశాడు. ఆచారాల్లాంటి పక్క విషయాల్లో మనం వేరుపడ్డా అసలు విషయంలో ఒక్కటే అన్నది దాని సారం. 1555 ఫిబ్రవరిలో హూపర్‌ను గ్లోస్టర్‌లో, అక్టోబరులో రిడ్లీని ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు.

మేరీ తర్వాత వచ్చిన ఎలిజబెత్ రాణి కాలంలో గొడవ బిషప్పుల నుంచి ప్యారిష్ పాస్టర్లకు పాకింది. 1566 మార్చిలో ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ లండన్ పాస్టర్లను తన నివాసం లాంబెత్‌కు పిలిపించాడు. అక్కడ వాళ్లలాంటి ఒక పాస్టరుకే నిబంధన ప్రకారం నాలుగు పలకల టోపీ, గౌను, సర్‌ప్లిస్ వేసి, బట్టల కొట్లో బొమ్మలా అందరి ముందూ నిలబెట్టారు. ఇలా వేసుకుంటారా లేదా, వాదనలొద్దు, ఒప్పుకుంటే వోలో అని, లేకపోతే నోలో అని రాయండి అన్నారు. లాటిన్‌లో వోలో అంటే సరే, నోలో అంటే కాదు. 37 మంది కాదని రాశారు. వాళ్లను విధుల నుంచి తప్పించారు. ఈస్టర్ దగ్గర పడుతున్న రోజులవి. కొన్ని చర్చిల్లో ఆరాధన నడిపే మనిషే లేకుండా పోయాడు.

కాదన్నవాళ్లు మొండివాళ్లు కారు. కేథలిక్ బలిపీఠం దగ్గర ఆ బట్ట వేసుకున్న మనుషులే తమ స్నేహితుల్ని మంటల్లోకి పంపారని వాళ్లకు పదేళ్ల కిందటి జ్ఞాపకం. అవునన్నవాళ్లలో కూడా చాలామందికి ఆ బట్ట ఇష్టం లేదు. కానీ తాము తప్పుకుంటే ఊళ్లో పేదలకు వాక్యం చెప్పేదెవరని ఆలోచించారు. నాకు ఇద్దరి బాధా అర్థమవుతుంది. ఎవరిది తప్పని చెప్పలేను.

1604 నాటి చర్చి చట్టాలు బట్టల్ని ఇంకా వివరంగా పట్టించుకున్నాయి. పాస్టర్ ఇంటి బయట కోటు లేకుండా తిరగకూడదు. లేత రంగు మేజోళ్లు వేసుకోకూడదు. రాత్రి టోపీ పెట్టుకుంటే కుట్టుపని లేని నల్లదే పెట్టుకోవాలి, అది పట్టు అయినా ముఖమల్ అయినా సరే. ఇంట్లో, చదువుకునే గదిలో మాత్రం చదువుకున్నవాడికి తగిన ఏ బట్టలైనా పరవాలేదు. అదే చట్టాల్లో ఇంకో మాట ఉంది. సర్‌ప్లిస్ ఖర్చు పాస్టరుది కాదు, ప్యారిష్‌ది.

ప్యారిష్ రోజువారీ జీవితం ఇక్కడే కనిపిస్తుంది. పదహారు, పదిహేడు శతాబ్దాల చర్చి లెక్కల పుస్తకాలు చాలా మిగిలున్నాయి. వాటిలో గంటకు తాడు, కిటికీకి అద్దం, రొట్టె, ద్రాక్షారసం పక్కనే ఒక పద్దు మళ్లీ మళ్లీ వస్తుంది: సర్‌ప్లిస్ ఉతికినందుకు ఇంత. గుడ్డ కొన్నందుకు ఇంత, కుట్టినందుకు ఇంత, చిరిగితే అతుకు వేసినందుకు ఇంత. ఉతికేది ఎక్కువగా ఊరి స్త్రీలే. పెద్దలు దేవశాస్త్రం మీద పుస్తకాలు రాస్తూ కొట్టుకుంటున్నప్పుడు, ఆ బట్టను బండ మీద బాది, ఆరేసి, మడతపెట్టి శనివారం సాయంత్రానికి చర్చికి చేర్చింది ఈ స్త్రీలే. చరిత్ర పుస్తకాల్లో వాళ్లకు చోటు తక్కువ. మన ఊళ్లలో పాస్టర్ గారి తెల్ల అంగీకి గంజి పెట్టి ఇస్త్రీ చేసే చేతులు తెలిసినవాళ్లకు ఆ పద్దుల విలువ తెలుస్తుంది.

1644లో, రాజుతో యుద్ధం చేస్తున్న పార్లమెంటు సర్‌ప్లిస్‌లను నిషేధించింది. కూలిన రాజరికం తిరిగొచ్చాక అవీ తిరిగొచ్చాయి. 1662లో కొత్త ప్రార్థన పుస్తకానికి పూర్తిగా లొంగని పాస్టర్లను బయటికి పంపినప్పుడు వాళ్ల అభ్యంతరాల్లో ఈ బట్ట కూడా ఒకటి. ఆ తర్వాత నూట యాభై ఏళ్లు పెద్ద రగడ లేదు. ఒక రాజీ అలవాటైంది. ప్రార్థనలు చదివేటప్పుడు తెల్ల సర్‌ప్లిస్, ప్రసంగానికి ముందు వెస్ట్రీ అనే బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లి దాన్ని విప్పి నల్ల గౌను.

ఈ రాజీని కదిపినందుకే ఎక్సెటర్‌లో అల్లర్లు అయ్యాయి. 1844లో బిషప్ హెన్రీ ఫిల్‌పాట్స్ ప్రసంగం కూడా సర్‌ప్లిస్‌లోనే చెప్పాలన్నాడు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం మొదలై పదకొండేళ్లు. ఆ ఉద్యమం సంఘాన్ని మళ్లీ రోమ్ వైపు లాగుతోందని మామూలు జనంలో గట్టి అనుమానం. 1845 జనవరిలో సెయింట్ సిడ్‌వెల్స్ చర్చిలో పాస్టర్ తెల్లబట్టతో ప్రసంగ వేదిక ఎక్కగానే జనం లేచి వెళ్లిపోయారు. బయట గుంపు వెంటపడి కేకలు వేస్తుంటే ఆయన్ను కాపలాతో ఇంటికి చేర్చాల్సి వచ్చింది. చివరికి బిషప్ వెనక్కి తగ్గాడు.

ముప్పై ఏళ్లకు రాజ్యమే దిగింది. 1874 ఆరాధన నియంత్రణ చట్టం కింద, నిషేధించిన ఆరాధన బట్టలు, కొవ్వొత్తులు, ధూపం లాంటివి వాడి, కోర్టు చెప్పినా మాననందుకు అయిదుగురు పాస్టర్లు జైలుకెళ్లారు. వాళ్లలో సిడ్నీ గ్రీన్ లాంకాస్టర్ కోటలో ఏడాదిన్నరకు పైగా ఉన్నాడు. హూపర్ వేసుకోనని జైలుకెళితే వీళ్లు వేసుకుంటామని వెళ్లారు. జైలుకెళ్లిన పాస్టర్లను చూసి జనం మనసు మారింది, చట్టం పరువు పోయింది. తర్వాత 1964లో ఈ బట్టలకు చట్టబద్ధత వచ్చింది. అనుమతించిన బట్టల్లోని తేడాలకు సిద్ధాంతపరమైన అర్థమేదీ తాము అంటగట్టడం లేదని ఇంగ్లండు చర్చి తన నిబంధనలోనే రాసుకుంది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి రావడానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది.

మన వైపు ఈ ప్రశ్న వేరే రూపంలో వచ్చింది. ఇంగ్లండు చర్చి మిషనరీలు 1841లో బందరు వచ్చారు. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకే గొడుగు కిందికి వచ్చారు. ఒకరు అంగీకి అలవాటు పడ్డవాళ్లు, ఇంకొకరు దాన్ని చూస్తేనే ఇబ్బందిపడేవాళ్లు. ఏ సంఘం మీదా దానికి అలవాటు లేని ఆరాధన పద్ధతిని బలవంతంగా రుద్దబోమని ముందే మాట ఇచ్చుకున్నారు. లాంబెత్‌లో ఒక మనిషిని బొమ్మలా నిలబెట్టిన పెద్దలకు తట్టని మాట అది.

ఆరాధన బట్టల సంగతి ఇలా ఉంటే, వీధిలో పాస్టరును గుర్తుపట్టించే తెల్ల కాలర్ చాలా కొత్తది. అది రోమ్ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. దాన్ని కనిపెట్టిన గౌరవం మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు గ్లాస్గోలో ప్రెస్బిటేరియన్ పాస్టర్ డోనల్డ్ మెక్‌లియడ్‌కు ఇస్తారు. ఇంగ్లండు చర్చి నియమం ప్రకారం పాస్టర్ బట్టలు ఆయన పిలుపుకు గుర్తుగా ఉండాలి, ఆటవిడుపు లాంటి సమయాల్లో తప్ప. ప్యారిష్‌లో ఆ గుర్తు ఎంత పని చేస్తుందో బస్‌స్టాపులో తెలుస్తుంది. చర్చి గడప తొక్కని మనిషి కూడా ఆ కాలర్ చూసి పక్కన కూర్చుని, మా అమ్మకు బాగోలేదండీ, ప్రార్థన చేస్తారా అంటాడు. అదే గుర్తు వల్ల దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. డ్యూటీలో లేనప్పుడు కాలర్ తీసెయ్యమని చర్చిల భద్రత చూసే ఒక సంస్థ 2007లో పాస్టర్లకు సలహా ఇచ్చింది. 

ఆ 2007 డిసెంబరులోనే యార్క్ ఆర్చిబిషప్ జాన్ సెంటాము బీబీసీ కార్యక్రమంలో, ప్రసారం జరుగుతుండగానే, మెడ నుంచి కాలర్ తీసి కత్తెరతో ముక్కలు ముక్కలుగా కత్తిరించాడు. తన గుర్తింపు ఇదేనని, జింబాబ్వే ప్రజల గుర్తింపును వాళ్ల అధ్యక్షుడు ముగాబే ఇలాగే ముక్కలు చేశాడని, ఆయన దిగిపోయేదాకా మళ్లీ కాలర్ పెట్టుకోనని చెప్పాడు. పదేళ్లు ఆ మాట మీదే ఉన్నాడు. అంగీ తప్పనిసరి కాదని 2017 జులైలో సినడ్ తీర్మానించేనాటికి దాని ఇద్దరు అధ్యక్షుల్లో ఒకడైన ఆయన మెడ ఇంకా ఖాళీగానే ఉంది. నవంబరులో ముగాబే దిగిపోయాడు. అదే కార్యక్రమానికి సెంటామును మళ్లీ పిలిచి, పదేళ్లుగా దాచిపెట్టిన ఆ ముక్కల్ని చేతికిచ్చారు. వాటిని అతికిస్తే సరిగ్గా రాదని ఆయన పక్కన పెట్టి, కొత్త కాలర్ తీసి మెడకు పెట్టుకున్నాడు.