పత్తిని వదిలిన రంగు పిప్పికి అంటుతుందా?

అద్దకపు మురుగునీటిలోని రంగును ఊకతో, చెరకు పిప్పితో, వేరుశనగ పొట్టుతో చవకగా తీసేయవచ్చన్న వాదన మళ్లీ చర్చకు వచ్చింది. కృత్రిమ రంగుల కథను 1856లో ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ తయారుచేసిన ఊదా రంగు నుంచి చెప్పుకురావడం రివాజే గానీ, ఇప్పటి చిక్కుముడి పడింది సరిగ్గా వందేళ్ల తర్వాత, 1956లో బ్రిటిష్ రసాయన సంస్థ ఐసీఐ ప్రోసియాన్ పేరుతో రియాక్టివ్ రంగులను అమ్మకానికి తెచ్చినప్పుడు.

రియాక్టివ్ రంగు నూలులోని సెల్యులోజ్‌ అనే పీచు పదార్థంతో గట్టి రసాయన బంధం కలుపుకుంటుంది కనుక ఉతికినా అంత తేలిగ్గా వెలవదు. అయితే అద్దకపు తొట్టిలో నూలుతో పాటు నీరూ ఉంటుంది. రంగులో కొంత భాగం నూలును చేరకముందే నీటితో చర్య జరిపి, ఇక దేనితోనూ బంధం కలుపుకోలేని స్థితికి వచ్చేస్తుంది. రంగు రకాన్ని, పద్ధతిని బట్టి పదో వంతు నుంచి సగం దాకా ఇలా మురుగుపాలు కావచ్చు. దాని వెంట లీటరుకు పదుల గ్రాముల ఉప్పు, సోడా యాష్ వల్ల వచ్చిన ఘాటైన క్షారగుణమూ బయటికి వస్తాయి.

ఊకలోనూ, పిప్పిలోనూ ఎక్కువగా ఉండేది ఆ సెల్యులోజే. నీటిలో వీటి ఉపరితలం రుణావేశంతో ఉంటుంది, సల్ఫోనేట్ సమూహాలున్న రియాక్టివ్ రంగుదీ రుణావేశమే, కనుక రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నూలుకు పట్టక బయటపడిన రంగు, నూలుకు దాయాది అయిన పిప్పికి పడుతుందనుకోవడానికి ఆధారమేమిటో ముందు చెప్పాలి.

చవకైన, ఏటా దొరికే వ్యర్థం మురికిని పీల్చే ఖరీదైన బొగ్గుపొడి, యాక్టివేటెడ్ కార్బన్‌కు బదులు పనికొస్తుందన్నది సమర్థకుల మాట. వారు చూపే ఫలితాల్లో చాలావాటికి పరీక్ష రంగు మిథిలీన్ బ్లూ. అది ధనావేశపు రంగు. నీలి నీళ్ల బీకరులో చెంచాడు పొట్టు వేసి కలిపితే కాసేపటికే నీరు తేటపడుతుంది. సిట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేసిన పొట్టుపై రుణావేశపు కార్బాక్సిల్ సమూహాలు పెరిగి ఆ నీలం ఇంకా బాగా పడుతుంది, రియాక్టివ్ రంగు మాత్రం ఇంకా దూరం జరుగుతుంది.

దాన్ని పట్టాలంటే పొట్టుకు ధనావేశం తొడగాలి. ధనావేశపు క్వాటర్నరీ అమ్మోనియం సమూహాలు ఎక్కించిన పిప్పి ఆ పని చేస్తుంది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మార్పుకు తరచూ వాడే ఎపిక్లోరోహైడ్రిన్ విషపదార్థం, పైగా కొనుక్కోవలసిన సరుకు. ఇంత చేశాక అద్దకపు ఉప్పు నుంచి నీటిలోకి వచ్చిన రుణావేశపు క్లోరైడ్, సల్ఫేట్ అయాన్లు అవే స్థానాల కోసం రంగుతో పోటీ పడతాయి. ఆమ్ల నీటిలోనే బాగా పనిచేసే రకాలైతే, క్షార మురుగుకు ముందు ఆమ్లం కలిపి, వదిలేముందు మళ్లీ తటస్థపరచాలి.

మురుగుశుద్ధి కేంద్రం నడిపేవారి అభ్యంతరం ఇక్కడితో ఆగదు. మెత్తని పొట్టు తడికి ఉబ్బి గొట్టపు వడపోతను మూసేస్తుంది. పైగా రంగు నీటిని వదిలి పొట్టులోకి చేరిందంతే, నశించలేదు. ఆ తడి ముద్దను గాలి చొరని గుంటలో పూడ్చితే సూక్ష్మజీవులు చాలా రంగుల్లో ఉండే అజో బంధాన్ని (రెండు నత్రజని పరమాణువుల జోడును) తెంచి ఆరోమాటిక్ అమీన్లుగా మారుస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. కాల్చాలంటే ముందు ఆరబెట్టాలి, ఆ ఇంధనం ఖర్చు గ్రాము పొట్టుకు ఇన్ని మిల్లీగ్రాముల రంగు పట్టిందని చెప్పే పట్టికల్లో ఎక్కడా కనబడదు.