మొలవని పూల విత్తనాలు: అపోహలు - వాస్తవాలు

"నకిలీ విత్తనాలు అంటగట్టారండీ, ఒక్కటీ మొలవలేదు!" గుంటూరులో నర్సరీ నడుపుతున్న నాకు సీజన్ మొదలైతే రోజూ వినపడే మాట ఇది. నకిలీ మిరప విత్తనాలతో మునిగిన రైతుల గోడు విన్న ఊరు మనది, అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ బిళ్ళగన్నేరు, గైలార్డియా, కనకాంబరం లాంటి ఏళ్ళ తరబడి పూసే మొక్కల దగ్గర చాలాసార్లు దోషం విత్తనానిది కాదు. లోతుది, నీళ్ళది.

అపోహ: లోతుగా పాతితే వేరు గట్టిగా పడుతుంది, నీళ్ళు ఎక్కువ పోస్తే త్వరగా మొలుస్తుంది.

వాస్తవం: బిళ్ళగన్నేరు గింజ నువ్వుగింజకన్నా చిన్నది. అందులో దాచుకున్న తిండి ఎంతని? రెండంగుళాల నల్లరేగడిని చీల్చుకుని పైకొచ్చేలోపే అయిపోతుంది. పైన పలచగా మట్టి చాలు. దానికి చీకటి కావాలి కాబట్టి మొలక కనపడేదాకా ట్రే మీద గోనెపట్టా కప్పండి, కనపడగానే తీసేయండి. గైలార్డియాకి మాత్రం వెలుతురు కావాలి, పైన చల్లి వేలితో అదిమితే సరి. శంఖుపుష్పం గింజ తోలు గట్టిది, రాత్రంతా నానబెట్టి వేయండి.

బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మగారు ట్రే పట్టుకొచ్చారు. "నా చెయ్యే అచ్చిరాదు నాయనా" అని ఒకటే బాధ. చూస్తే బిళ్ళగన్నేరు మొలకలన్నీ ఒరిగిపోయి ఉన్నాయి. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి, మట్టిని తాకే చోట కాడ మాత్రం గోధుమరంగుకి తిరిగి దారంలా సన్నబడింది. ఇది నారుకుళ్ళు, లేత మొలకల మొదలు కుళ్ళే తెగులు. అంటే విత్తనం మొలిచింది, ఆ తర్వాతే చచ్చింది! ట్రే అడుగున చిల్లులు లేవు, రెండు పూటలా చెంబుతో నీళ్ళు. అమ్మా, చేతిలో ఏ లోపమూ లేదు, చెంబు పక్కన పెట్టి స్ప్రేయర్ పట్టుకోండి అన్నాను. కొబ్బరిపొట్టు, ఇసుక చెరిసగం కలిపి, చిల్లులున్న ట్రేలో పోసి, పైపొర ఆరినప్పుడే తడపండి. కుళ్ళు కనపడితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ళు తడపాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విదేశీ వీడియో చూసి మేలో విత్తకండి. రోహిణి ఎండకి లేత మొలక నిలవదు, మృగశిర దాటి నాలుగు వానలు పడనివ్వండి. షుగర్ తగ్గుతుందని బిళ్ళగన్నేరు ఆకు నమిలేవాళ్ళకి దండం పెట్టి చెబుతున్నా, అది విషం. క్యాన్సర్ మందులు తీసే మొక్కే, కానీ ఆ పని కంపెనీలది, మన నోటిది కాదు. నాటు కనకాంబరం ఎండుకాయలు తడి తగిలితే టప్పున పేలి గింజలు చిమ్ముతాయి, వానకి ముందే వెన్నులు కోసి కాగితం సంచిలో వేసుకోండి. ఢిల్లీ కనకాంబరం అసలు గింజే కట్టదు, కొమ్మ కత్తిరించి నాటాల్సిందే. దాని విత్తనమని ప్యాకెట్ అమ్మితే మాత్రం, అది నిజంగానే నకిలీ.