టెక్సాస్‌లో ఓపెన్ క్యారీ: పాత ఆచారం అనుకున్నది నిజానికి కొత్త చట్టం

1871 నుంచి 2015 డిసెంబర్ ఆఖరి దాకా టెక్సాస్‌లో మామూలు మనిషి నడుముకు పిస్టల్ పెట్టుకుని అందరికీ కనబడేలా బజార్లో తిరిగితే నేరం. కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఈ మాట ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. టోపీ, బూట్లు, నడుముకు వేలాడే రివాల్వర్ మూడూ ఆ రాష్ట్రంతో పాటే పుట్టాయనుకుంటాం. 2015లో ఓపెన్ క్యారీ బిల్లు అసెంబ్లీకి వచ్చినప్పుడు అమెరికాలోనే చాలామంది ‘అదేంటి, టెక్సాస్‌లో ఇన్నాళ్లూ లేదా?’ అని ఆశ్చర్యపోయారు. ఓపెన్ క్యారీని, అంటే పిస్టల్‌ను దాచకుండా పైకి కనబడేలా పెట్టుకు తిరగడాన్ని, అప్పటికి ఆరు రాష్ట్రాలే నిషేధించాయి: కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్, ఫ్లోరిడా, సౌత్ కరోలినా, టెక్సాస్. తుపాకుల పేరు చెబితే ముందు గుర్తొచ్చే రాష్ట్రం ఈ జాబితాలో ఎలా చేరింది, ఎలా బయటపడింది అన్నది తెలియాలంటే అంతర్యుద్ధం ముగిసిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

1865లో యుద్ధం అయిపోయింది, బానిసత్వం పోయింది. మరుసటి ఏడాదే టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. ఇంకొకరి తోటలో గానీ పొలంలో గానీ భూమి యజమాని అనుమతి లేకుండా తుపాకీ పట్టుకు తిరగకూడదు. చదవడానికి అందరికీ వర్తించేలాగే ఉంటుంది. కానీ ఇంకొకరి పొలంలో బతికేది ఎవరు? నిన్నటిదాకా బానిసలుగా ఉన్న నల్లవాళ్లే. చట్టంలో వాళ్ల పేరు రాయక్కర్లేకుండానే పని జరిగిపోయింది.

తర్వాత పరిస్థితి తిరగబడింది. యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడిన ఎడ్మండ్ జె. డేవిస్ అనే రిపబ్లికన్ గవర్నర్ అయ్యాడు. ఊళ్లలో హత్యలు, ముసుగు దళాల దాడులు జోరుగా సాగుతున్న రోజులవి, చచ్చేవాళ్లలో నల్లవాళ్లు ఎక్కువ. 1871 ఏప్రిల్ 12న ఆయన హయాంలో వచ్చిన చట్టం పిస్టల్, బాకు, కత్తి దాచిన చేతికర్ర, ఇత్తడి పిడికిలి, బోవీ కత్తి ఇవేవీ ఒంటి మీద పెట్టుకుని తిరగకూడదంది. దొరికితే మొదటిసారి 25 నుంచి 100 డాలర్ల జరిమానా, ఆయుధం జప్తు. సొంత స్థలంలో ఉన్నవాళ్లకీ, దూర ప్రయాణంలో సామానుతో పాటు తీసుకెళ్లేవాళ్లకీ, ఇప్పుడే దాడి జరుగుతుందని న్యాయమైన భయం ఉన్నవాళ్లకీ మినహాయింపు. డేవిస్ ఓడిపోయాక డెమోక్రాట్లు ఆయన చేసినవాటిని చాలావరకు తుడిచిపెట్టారు గానీ దీని జోలికి మాత్రం పోలేదు. 1876 రాజ్యాంగంలో ఆయుధం ఉంచుకునే హక్కు ఇస్తూనే, నేరాలు ఆపడం కోసం వాటిని ధరించే తీరును నియంత్రించే అధికారం శాసనసభకు ఉంటుందని కలిపి రాసుకున్నారు.

ఓపెన్ క్యారీ కావాలనేవాళ్లు ఈ చరిత్రను చెప్పేటప్పుడు ‘ఇది నల్లవాళ్ల చేతుల్లోంచి తుపాకులు లాక్కోవడానికి పుట్టిన చట్టం’ అంటారు. వద్దనేవాళ్లు ‘కాదు, నల్లవాళ్లను చంపేవాళ్ల చేతులు కట్టేయడానికి వచ్చింది’ అంటారు. 1866 చట్టానికి మొదటి మాట సరిపోతుంది, 1871 చట్టానికి రెండోది చాలావరకు సరిపోతుంది. చట్టాన్ని నిలబెట్టుకున్నవాళ్లు మాత్రం డేవిస్ శత్రువులు. వాళ్ల చేతికి వచ్చాక పోలీసులు ఎవరి జేబులు తడిమి ఉంటారో ఊహించడం పెద్ద కష్టం కాదు.

ఆ 1871 జాబితాలో లేనిది ఒకటుంది: రైఫిల్. బార్లలో గొడవపడి కాల్చుకునేది పిస్టల్‌తోనే. రైఫిలూ షాట్‌గన్నూ వేటకీ పశువుల కాపలాకీ వాడుకునే పనిముట్లు కింద లెక్క, పైగా దాచినా దాగవు. అందుకే వాటిని వదిలేశారు. ఆ వదిలేసిన ఖాళీయే 140 ఏళ్ల తర్వాత కథను మలుపు తిప్పింది.

దానికి ముందు ఇంకో మలుపుంది. 1991 అక్టోబర్ 16న కిలీన్ అనే ఊళ్లో లూబీస్ కెఫెటీరియాలోకి ఒకడు పికప్ ట్రక్కుతో అద్దాలు పగలగొట్టుకుని దూసుకొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. తల్లిదండ్రులతో కలిసి భోజనానికి వచ్చిన సుజానా హప్ బతికి బయటపడింది, అమ్మానాన్నలిద్దరూ చనిపోయారు. ఆమెకు రివాల్వర్ ఉంది. వెంట తెచ్చుకుంటే కేసవుతుందని, తన వృత్తి లైసెన్సుకు ఎసరొస్తుందని కారులోనే వదిలి వచ్చింది. ఆ సంగతి ఆమె రాష్ట్రమంతా, తర్వాత దేశమంతా తిరిగి చెప్పింది. 1993లో తుపాకీ దాచి తిరగడం మీద ప్రజాభిప్రాయం సేకరిద్దామన్న బిల్లును గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేశారు. 1994 ఎన్నికల్లో ఆమెను ఓడించిన జార్జ్ డబ్ల్యూ. బుష్ 1995లో లైసెన్సుతో దాచి తిరిగే చట్టం మీద సంతకం పెట్టారు. 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు కావాలంటే క్లాసుకు వెళ్లాలి, గురి చూసి కాల్చి చూపించాలి, వేలిముద్రలు ఇవ్వాలి. తుపాకీ మాత్రం ఎవరికీ కనబడకూడదు. కావాలని చూపిస్తే నేరమే. ఆ రోజుల్లో బిల్లు పెట్టినవాళ్ల వాదన కూడా అదే. ఎవరి దగ్గర ఉందో తెలియకపోతేనే దొంగకు భయం, చుట్టూ ఉన్న జనానికి మాత్రం ఏ టెన్షనూ ఉండదు. తుపాకీ పక్షమే అప్పట్లో దాచిపెట్టడాన్ని గొప్పగా చెప్పుకుందన్నమాట.

2013లో ఒక ఆర్మీ సార్జెంట్ కొడుకుతో కలిసి టెంపుల్ అనే ఊరి దగ్గర కాలినడకన వెళ్తూ భుజాన రైఫిల్ తగిలించుకున్నందుకు అరెస్టయ్యాడు. రైఫిల్ మోయడం చట్టబద్ధమే. కేసు పెట్టింది పోలీసు పనికి అడ్డుపడ్డాడని. ఆ కోపంలోంచి ‘ఓపెన్ క్యారీ టెక్సాస్’ అనే సంఘం పుట్టింది. వాళ్ల ఎత్తు సూటిగానే ఉంది. పిస్టల్ చూపించడం నేరం, ఏఆర్-15 రైఫిల్ భుజాన వేసుకోవడం నేరం కాదు. అయితే రైఫిళ్లతోనే హోటళ్లకీ షాపులకీ వెళ్దాం, చూసినవాళ్లే ‘బాబూ, దీనికంటే నడుముకు పిస్టలే నయం’ అంటారు. 2014లో డల్లాస్ ప్రాంతంలో ఒక చిపోట్లే హోటల్లో ఇద్దరు రైఫిళ్లతో నిలబడి దిగిన ఫోటో దేశమంతా తిరిగింది. తుపాకులు తేవద్దని చిపోట్లే కంపెనీ జనాన్ని కోరింది, కొన్నాళ్లకు టార్గెట్ అనే షాపుల సంస్థ కూడా అదే మాట అంది. చివరికి తుపాకీ హక్కులకు పెద్ద దిక్కయిన నేషనల్ రైఫిల్ అసోసియేషనే ఇది విడ్డూరంగా ఉందని రాసి, సొంత మనుషులు మండిపడేసరికి ఆ మాట వెనక్కి తీసుకుంది.

2015 జనవరిలో ఆస్టిన్‌లో శాసనసభ మొదలైన రోజే ఇంకో గుంపు పాంచో నెవారెజ్ అనే సభ్యుడి ఆఫీసులోకి వెళ్లి, బయటికి పొమ్మన్నా పోకుండా తలుపుకు కాలు అడ్డంపెట్టి వీడియో తీసుకుంది. సభ వెంటనే నిబంధనలు మార్చి సభ్యుల ఆఫీసుల్లో పోలీసులను పిలిచే పానిక్ బటన్లు పెట్టుకోవచ్చంది. తుపాకీ చూపించే హక్కు అడగడానికి వచ్చినవాళ్ల వల్ల పానిక్ బటన్లు రావడం చూసి బిల్లు కోరుకునేవాళ్లే తల పట్టుకున్నారు. సెనేట్‌కు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ ఆ నెలాఖరులో ఈ బిల్లుకు ఓట్లు లేవు, ఇది తన ముఖ్యమైన పనుల్లో లేదు అన్నారు. సొంత పార్టీ కార్యకర్తలు ఎంత గోల చేశారంటే కొద్ది వారాల్లోనే బిల్లు సెనేట్ దాటేసింది. ఆయన మాట ఇక్కడ గుర్తుపెట్టుకోండి, ఆరేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

ఆ సెషన్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఒక సవరణ. హ్యూస్టన్‌కు చెందిన నల్లజాతి డెమోక్రాట్ హెరాల్డ్ డటన్, నడుముకు పిస్టల్ ఉందన్న ఒక్క కారణంతో పోలీసులు మనిషిని ఆపి లైసెన్సు అడగకూడదని పెట్టమన్నారు. అలా అడగనిస్తే ఎవరిని ఆపుతారో ఆయనకు తెలుసు. ప్రభుత్వమంటేనే పడని కరడుగట్టిన రిపబ్లికన్లు ఆయనకు తోడయ్యారు. పోలీసు సంఘాలు భగ్గుమన్నాయి. ఆపి అడగలేకపోతే లైసెన్సు ఉన్నవాడెవడో లేనివాడెవడో మాకెలా తెలుస్తుందన్నాయి. ఈ గొడవతో బిల్లే మునిగిపోయేలా కనిపించింది. చివరి రోజుల్లో ఆ సవరణ తీసేసి బిల్లు పాస్ చేశారు. 2015 జూన్ 13న గవర్నర్ గ్రెగ్ అబాట్ ఒక షూటింగ్ రేంజ్‌లో కూర్చుని సంతకం పెట్టారు. 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు నడుము దగ్గరో భుజం కిందో హోల్‌స్టర్ అనే ఒరలో పిస్టల్ పెట్టుకుని పైకి కనబడేలా తిరగొచ్చు.

చట్టం వచ్చాక జనం ఎక్కువగా చూసింది తుపాకుల్ని కాదు, బోర్డుల్ని. వద్దనుకునే షాపువాళ్లు మామూలుగా ‘నో గన్స్’ అని బొమ్మ అంటిస్తే కుదరదు. చట్టంలో రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ, అంగుళానికి తగ్గని అక్షరాలతో, వెనక రంగుకు భిన్నమైన రంగులో, అందరికీ కనబడేలా పెట్టాలి. లైసెన్సుతో దాచి తెచ్చేవాళ్లను ఆపడానికి 30.06 అనే సెక్షన్ బోర్డు, చూపిస్తూ తెచ్చేవాళ్లను ఆపడానికి 30.07 బోర్డు. రెండూ వద్దంటే రెండు బోర్డులు. గాజు తలుపులో సగం వాటికే పోతుంది. వాటాబర్గర్ కంపెనీ పెద్ద తాను వేటగాడినే, లైసెన్సు ఉన్నవాడినే అని చెప్పుకుంటూనే తమ హోటళ్లలో ఓపెన్ క్యారీ వద్దని ఉత్తరం రాశారు. హెచ్-ఇ-బి సూపర్ మార్కెట్లూ అదే దారి పట్టాయి. గుడి, చర్చి కమిటీలకూ ఇదే పద్ధతి. వద్దనుకుంటే వాళ్లే నోటీసు ఇవ్వాలి. డల్లాస్, హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్లకు ఈ నంబర్లు ఎప్పుడో ఒకప్పుడు కంటబడే ఉంటాయి.

2016 జులై 7న డల్లాస్‌లో పోలీసు కాల్పులకు నిరసనగా జరిగిన ఊరేగింపు దగ్గర ఒకడు అయిదుగురు పోలీసులను చంపాడు. ఆ ఊరేగింపులో ఇరవై ముప్ఫై మంది రైఫిళ్లు వేసుకుని నడుస్తున్నారని, కాల్పులు మొదలై జనం పరుగెత్తుతుంటే ఎవరు ఎవరో తెలియలేదని పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌన్ తర్వాత చెప్పారు. రైఫిల్ వేసుకొచ్చిన ఒక నల్లజాతి యువకుడి ఫోటోను అనుమానితుడంటూ పోలీసులు ట్విటర్లో పెట్టారు. అతను అప్పటికే తుపాకీ ఒక పోలీసుకు అప్పగించేశాడు. అతనికి ఏ సంబంధమూ లేదని తేలేలోపు ఆ ముఖం దేశమంతా చూసింది. కాగితం మీద హక్కు అందరిదీ ఒకటే. డటన్ సవరణ ఎందుకు అడిగారో ఆ రాత్రి చూస్తే అర్థమవుతుంది.

2019 ఆగస్టులో ఎల్ పాసో వాల్‌మార్ట్‌లో జరిగిన కాల్పులకు 23 మంది బలయ్యారు. అదే నెల చివర్లో ఒడెస్సా ప్రాంతంలో ఏడుగురు. వాల్‌మార్ట్, క్రోగర్ తమ షాపులకు తుపాకీ పైకి కనబడేలా తేవద్దని కోరాయి. చట్టం బిగుస్తుందని కొందరు ఆశపడ్డారు. 2021లో వచ్చింది దానికి పూర్తిగా ఉల్టా: అసలు లైసెన్సే అక్కర్లేదన్న బిల్లు. టెక్సాస్ యూనివర్సిటీ, టెక్సాస్ ట్రిబ్యూన్ కలిసి చేసిన సర్వేలో 59 శాతం ఓటర్లు వద్దన్నారు. పోలీస్ చీఫ్‌లు వద్దన్నారు. డాన్ పాట్రిక్ మళ్లీ ఓట్లు లేవన్నారు. తర్వాత ప్రత్యేకంగా ఒక కమిటీ వేసి, బిల్లును దాని గుండా నడిపించి మే నెలలో పాస్ చేయించారు. సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అనర్హత లేనివాళ్లెవరైనా ట్రైనింగ్ లేకుండా, లైసెన్సు లేకుండా హోల్‌స్టర్‌లో పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు. 2022లో ఫోర్ట్ వర్త్‌లోని ఫెడరల్ జడ్జి 18 నుంచి 20 ఏళ్లవాళ్లను ఆపడం కూడా కుదరదన్నారు. రాష్ట్రం మొదట అప్పీలుకు వెళ్లి తర్వాత తనే వెనక్కి తగ్గింది.

బిల్లు గట్టెక్కుతుందా లేదా అన్నది రెండుసార్లూ రాష్ట్రంలో ఎక్కువమంది ఏమనుకుంటున్నారన్న దాన్ని బట్టి తేలలేదు. రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటేసే కొద్దిమందికి ఎవరు భయపడతారన్న దాన్ని బట్టి తేలింది. రిపబ్లికన్ సభ్యులు నవంబర్ ఎన్నిక ఎలాగూ గెలుస్తారు, మార్చిలో జరిగే ప్రైమరీలో సీటు పోకుండా చూసుకోవాలి.

ఇక్కడ మన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. టెక్సాస్ చట్టం ఎంత తెరిచిపెట్టినా, ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. ‘ఇక్కడ అందరూ పెట్టుకుంటారుగా’ అని స్నేహితుడి పిస్టల్‌తో షూటింగ్ రేంజ్‌లో ఫోటో దిగి ఇన్‌స్టాలో పెట్టేముందు ఒకసారి లాయరును అడగడం మంచిది. 2023 మేలో డల్లాస్ దగ్గరి అలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగు అమ్మాయి కూడా ఉంది. ఆ తర్వాత మన వాట్సాప్ గ్రూపుల్లో ‘మనమూ ఒకటి కొనుక్కోవాలా’ అన్న చర్చ బాగానే నడిచింది. అందులో సగం మందికి వీసా సంగతే తెలియదు.

టెక్సాస్ దారి ఇదైతే, ఫ్లోరిడాలో కథ వేరుగా ముగిసింది. అక్కడ 1987లో వచ్చిన ఓపెన్ క్యారీ నిషేధాన్ని ఎత్తేయడానికి రిపబ్లికన్లదే పైచేయి అయిన శాసనసభలో ఏళ్ల తరబడి ప్రయత్నాలు జరిగాయి. షెరిఫ్‌లు వద్దనడంతో సెనేట్ పెద్దలు ప్రతిసారీ అడ్డుకున్నారు. 2022లో సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తర్వాత పాత చరిత్రలో పోలిక లేని ఆంక్ష నిలబడటం కష్టమైపోయింది. దాని ఆధారంగా 2025 సెప్టెంబర్ 10న ఒక అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అటార్నీ జనరల్ ఇక ఎవరినీ ఈ నేరం కింద అరెస్టు చేయొద్దని పోలీసులకు రాశారు.

టెక్సాస్‌లో ఇప్పుడు తగాదా తుపాకీ పెట్టుకోవచ్చా అన్నది కాదు, వద్దు అనే హక్కు ఎవరికి మిగిలింది అన్నది. 2023లో డల్లాస్‌లో జరిగే స్టేట్ ఫెయిర్ అనే జాతరలో కాల్పులు జరిగి ముగ్గురు గాయపడ్డారు. 2024లో ఫెయిర్ నిర్వాహకులు పోలీసులు, రిటైరైన పోలీసులు తప్ప మరెవరూ తుపాకీ తేకూడదన్నారు. స్థలం నగరపాలక సంస్థది, జాతర నడిపేది ప్రైవేటు సంస్థ. ప్రభుత్వ స్థలంలో అలా ఆపడం కుదరదని అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ డల్లాస్ నగరం మీద కేసు వేశారు. కింది కోర్టు కాదంది, అప్పీలు కోర్టు కాదంది, జాతర మొదలవడానికి ఒక్కరోజు ముందు రాష్ట్ర సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోనంది. ఆ ఏడాది ఫెయిర్ నిషేధంతోనే నడిచింది.