సగటు దాచే కణితి లెక్క

హైదరాబాద్ శివారు శామీర్‌పేట దగ్గర మందుల పరిశోధన సంస్థలున్న జీనోమ్ వ్యాలీలో గానీ, మరెక్కడైనా గానీ, క్యాన్సర్ మందుకు గణిత నమూనా కట్టే పని కంప్యూటర్ దగ్గర మొదలవదు. ఎలుక మీద కాలిపర్ (పొడవు, వెడల్పు కొలిచే పనిముట్టు) పెట్టిన చోట మొదలవుతుంది. రోగనిరోధక శక్తి సరిగా లేని ఎలుక చర్మం కింద మనిషి క్యాన్సర్ కణాలు ఎక్కిస్తారు. కణితి పట్టాక వెడల్పును వెడల్పుతో, ఆపైన పొడవుతో హెచ్చవేసి సగం చేస్తే ఘనపరిమాణం వస్తుంది. 8 మి.మీ. పొడవు, 6 మి.మీ. వెడల్పు ఉంటే 144 ఘన మి.మీ. వెడల్పును 6.6గా చదివితే 174! ఒక్క 0.6 మి.మీ. పొరపాటుకు 21 శాతం తేడా. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి కొలవాలి. ఏ ఎలుకకు మందు పడిందో ఆ మనిషికి తెలియకూడదు.

మనుషుల మరణాల లెక్క కోసం 1825లో గణితజ్ఞుడు గోంపెర్జ్ ఇచ్చిన సూత్రాన్ని 1964లో పరిశోధకురాలు అన్నా లేర్డ్ కణితుల పెరుగుదలకు అన్వయించారు. మందుల పరిశోధనలో విరివిగా వాడేది మాత్రం 2004లో సిమియోని అనే పరిశోధకురాలి బృందం ఇచ్చిన నమూనా. ఇందులో కణితి మొదట రెట్టింపవుతూ పోతుంది, తర్వాత రోజుకింత చొప్పున పెరుగుతుంది. మందు తగిలిన కణం వెంటనే చావదు, మూడు దశలు దాటి పోతుంది. డోసు పడ్డ కొన్ని రోజులదాకా కణితి తగ్గకపోవడానికి ఇదొక కారణం; మందు పనిచేయలేదని తొందరపడకూడదు. పెరుగుదల రేటును, కణాలను చంపే మందు శక్తితో భాగిస్తే, రక్తంలో కనీసం ఎంత గాఢత నిలిస్తే కణితి కరుగుతుందో తెలుస్తుంది. నాలుగు రోజులకు రెట్టింపయ్యే కణితి రేటు రోజుకు 0.173. శక్తి (లీటరుకు ఒక్కో మిల్లీగ్రాము గాఢతకు, రోజుకు) 0.5 అనుకుంటే లీటరుకు సుమారు 0.35 మిల్లీగ్రాములు కావాలి.

అసలు ప్రమాదం సగటులో ఉంది. మందివ్వని అయిదు ఎలుకల కణితులు 800, 900, 1000, 1200, 2100 ఘన మి.మీ. అనుకుందాం. సగటు 1200. చాలాచోట్ల కణితి 2000 దాటిన ఎలుకను బాధపడనివ్వకుండా అధ్యయనం నుంచి తప్పిస్తారు, అది న్యాయం కూడా. తర్వాతి కొలతకు మిగిలినవి 900, 1000, 1100, 1400 అయ్యాయి. నాలుగూ పెరిగాయి, సగటు మాత్రం 1100కి దిగింది! ఆ సగటుల గీతకు సమీకరణం అతికిస్తే మందు లేకుండానే కణితి తగ్గుతున్నట్టు వస్తుంది. కాబట్టి ఒక్కో ఎలుక గీతను విడిగా ఉంచి, అన్నిటినీ కలిపి ఒకే నమూనాలో లెక్కించాలి; ఎలుకను ఎందుకు తప్పించారో నమోదు చేయాలి.

ఈ లెక్కను మనిషికి అన్వయించేటప్పుడు ఎలుక కణితి పెరిగే వేగాన్ని అలాగే ఎత్తుకురాకూడదు. రక్తంలోని ప్రోటీన్లకు అంటుకోకుండా మిగిలిన మందు గాఢతనే రెండుచోట్లా పోల్చాలి.