అటక మీద మిగిలిపోయిన పెట్టెలు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో విల్లార్డ్ అనే మానసిక ఆసుపత్రిని 1995లో మూసేశారు. ఆ సమయంలో ఒక పాత భవనం అటక మీద దాదాపు 400 సూట్‌కేసులు బయటపడ్డాయి. 1910 నుంచి 1960ల దాకా అక్కడ చేరినవాళ్లు వెంట తెచ్చుకున్నవి. బట్టలు, ఫోటోలు, ఉత్తరాలు. కొన్నాళ్లుండి ఇంటికి వెళ్లిపోతాం అనుకునే మనిషి సర్దుకునే సామాను అది. పెట్టెల సొంతదారుల్లో చాలామంది మాత్రం చివరిదాకా అక్కడే ఉండిపోయారు. పక్కనే శ్మశానం ఉంది. అందులో ఐదు వేలకు పైగా సమాధులు, వాటి మీద పేర్లు లేవు, నంబర్లే. దశాబ్దాల పాటు ఆ గోతులు తవ్వింది కూడా అక్కడి రోగే.

ఇలాంటి చోట్ల గురించి మాట మొదలైతే ఉంచాలా, మూసేయాలా అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ మనిషి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? దాదాపు ప్రతి మలుపులోనూ కథ నడిపింది ఆ ప్రశ్నే.

విల్లార్డ్ పుట్టింది జాలితోనే. 19వ శతాబ్దంలో డబ్బులేని మానసిక రోగులకు దిక్కు కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) నడిపే పేదల శరణాలయాలే. అక్కడ వాళ్లను పంజరాల్లో, చీకటి కొట్లలో కట్టేసి ఉంచుతున్నారని సంఘ సంస్కర్త డొరోతియా డిక్స్ 1843లో మసాచుసెట్స్ శాసనసభకు రాసింది. న్యూయార్క్‌లో డాక్టర్ సిల్వెస్టర్ విల్లార్డ్ 1864లో సర్వే చేయిస్తే అక్కడా అదే పరిస్థితి. దాంతో 1869లో, ప్రత్యేకంగా ‘దీర్ఘకాలిక’ రోగుల కోసమే ఈ ఆసుపత్రి తెరిచారు. మొదటి రోగి చేతికి సంకెళ్లతోనే వచ్చింది.

అప్పట్లోనే ఆసుపత్రుల పెద్ద డాక్టర్లు చాలామంది దీన్ని వ్యతిరేకించారు. నయం కానివాళ్లని విడిగా పెడితే అక్కడ చికిత్స ఉండదు, కాపలా ఒక్కటే మిగులుతుందన్నది వాళ్ల భయం. అది నిజమే అయింది. ‘దీర్ఘకాలికం’ అని ఒకసారి ఫైల్లో రాశాక ఈ మనిషి ఇంటికెప్పుడు వెళ్తాడని అడిగేవాళ్లే ఉండరు.

1890లో న్యూయార్క్ చట్టం మార్చి, పేద మానసిక రోగుల ఖర్చంతా రాష్ట్రమే పెట్టుకుంది. మంచి ఉద్దేశమే. కానీ కౌంటీలకు ఇదో దారిలా కనిపించింది. మతిమరుపుతో మంచాన పడ్డ ముసలివాళ్లను కూడా మానసిక రోగుల లెక్కలో వేసి రాష్ట్ర ఆసుపత్రులకు పంపేయడం మొదలైంది. ఇలా దేశమంతటా వార్డులు నిండుతూ పోయి, 1955 నాటికి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5.5 లక్షలకు పైగా జనం చేరారు.

అప్పటికే 1952లో పారిస్‌లో మానసిక రోగులకు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడకం మొదలైంది. వినిపించే గొంతులు, భయాలు చాలామందికి తగ్గాయి. అయితే ఇరవై ఏళ్లుగా ఎవరో చెబితే లేచి, ఎవరో చెబితే తిని, పడుకున్న మనిషికి సొంతంగా ఒక రోజు గడపడం ఏ మందూ నేర్పదు. ఈ నిరాసక్తతలో జబ్బు వాటా కొంతే, మిగతాది ఆసుపత్రి పెట్టిందేనని 1959లో బ్రిటిష్ డాక్టర్ రసెల్ బార్టన్ గట్టిగా వాదించారు.

1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ సంతకం చేసిన చట్టం ఊళ్ల మధ్యనే మానసిక ఆరోగ్య కేంద్రాలు పెడతామంది. అనుకున్నవాటిలో సగం వరకే వచ్చాయి. 1965లో మెడికెయిడ్ వచ్చింది, కేంద్రం కూడా డబ్బు పెట్టే పేదల వైద్య పథకం అది; మానసిక ఆసుపత్రుల్లో ఉన్న 65 ఏళ్లలోపువాళ్లకు డబ్బు ఇవ్వనంది. ముసలివాళ్లను, మంచాన పడ్డవాళ్లను చూసుకునే నర్సింగ్ హోముల్లో ఉంటే మాత్రం ఇస్తుంది. ఇంకేముంది, ఈసారి ఖర్చు కేంద్రం మీదికి నెట్టడం రాష్ట్రాల వంతు. చాలామంది రోగులను నర్సింగ్ హోములకు మార్చేశారు. ఎవరి లెక్కలోకీ రానివాళ్లు రోడ్డు మీదికి, తర్వాత జైలుకి చేరారు. దీన్ని సంస్కరణ అనడానికి నాకు మనసొప్పదు. విల్లార్డ్ సంగతే చూడండి. మూసేసిన ఏడాదే ఆ ప్రాంగణాన్ని జైళ్ల శాఖ తీసుకుని, డ్రగ్స్ అలవాటున్న ఖైదీల శిబిరం పెట్టింది.

వేరే దారి లేకపోలేదు. ఇటలీలోని త్రియెస్తే నగరంలో మానసిక ఆసుపత్రికి 1971లో ఫ్రాంకో బజాలియా డైరెక్టర్‌గా వచ్చేసరికి లోపల దాదాపు 1,200 మంది ఉన్నారు. ఆయన మూసివేత వైపే నడిచారు, కానీ డబ్బునీ సిబ్బందినీ రోగులతో పాటే ఊళ్లోకి తరలించారు. రాత్రీపగలూ తెరిచి ఉండే కేంద్రాలు, కలిసి ఉండేందుకు ఫ్లాట్లు వచ్చాయి. ‘చికిత్సలో భాగం’ అంటూ ఊరికే వార్డులు తుడిపించుకున్న రోగులతోనే సహకార సంఘం పెట్టించి, అదే పనికి జీతం ఇచ్చారు. కొత్తగా ఎవరినీ ఇలాంటి ఆసుపత్రుల్లో చేర్చకూడదని 1978లో ఇటలీ చట్టమే చేసింది.

మరి వెళ్లడానికి ఇల్లే లేనివాళ్లు? త్రియెస్తేలో వాళ్లను కాగితాల మీద డిశ్చార్జ్ చేసి, ‘అతిథి’ అనే హోదా ఇచ్చారు. గది, భోజనం ఎప్పటిలాగే ఉండేవి. గేటు దాటి వెళ్లడానికీ, మళ్లీ రావడానికీ ఎవరినీ అడగక్కర్లేకపోయింది.